ట్రావెలర్ బండిలో ఇన్వర్టర్: బ్యాటరీకీ ఇన్వర్టర్‌కీ మధ్య పోయిన వోల్టేజీ

ప్రయాణాల్లో అందులోనే వండుకుని పడుకునేలా మార్చుకుంటున్న మా ట్రావెలర్ వ్యాను బాడీ పని పూర్తయి విజయవాడ ఆటోనగర్ నుంచి ఇంటికొచ్చింది. మంచాలు, వంట గట్టు, నీళ్ల ట్యాంకు అన్నీ బిగిసిపోయాయి. మిగిలింది కరెంటు పని. ఈ డైరీ మొత్తం దాని గురించే. మాది 12 వోల్టుల బండి. 24 వోల్టుల బండి ఉన్నవాళ్లకు ఆంపియర్లు సగానికి తగ్గుతాయి గానీ పద్ధతి ఇదే.

ముందుగా ఒక మాట. రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్టీఓ అనుమతి కావాలి. ఆ పని, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పే పని వైరింగ్ మొదలెట్టకముందే ముగించుకోండి.

దశ 1: లోడు లెక్క, కొన్న సామాను

అమ్మ ప్రయాణంలో కూడా బయటి తిండి తినదు. అందుకని ఇండక్షన్ పొయ్యి, రైస్ కుక్కర్, మిక్సీ తప్పవు. డబ్బా మీద రాసిన వాట్లు నమ్మకుండా, ఇంట్లో ప్లగ్గుకు పెట్టే ఎనర్జీ మీటరుతో ఒక్కొక్కటీ కొలిచాను.

1. ఇండక్షన్, 1200 సెట్టింగులో: 1180 వాట్లు. రోజుకు 40 నిమిషాలు. దాదాపు 800 వాట్-అవర్లు (వాట్లను గంటలతో గుణిస్తే వచ్చేది).
2. రైస్ కుక్కర్: 700 వాట్లు, 25 నిమిషాలు. 290.
3. మిక్సీ: డబ్బా మీద 750 వాట్లు, కొబ్బరి పచ్చడి రుబ్బేటప్పుడు 500 దాకా. 6 నిమిషాలు. 50.

ఇన్వర్టర్ మీద నడిచేవి ఇంతే: 1140. ఇన్వర్టర్ సామర్థ్యం 88 శాతం అనుకుంటే బ్యాటరీ నుంచి 1295 పోతుంది. ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, ఫోన్లు నేరుగా 12 వోల్టుల మీదే. వాటికి రోజుకు 940. అన్నీ కలిపి 2235 వాట్-అవర్లు.

ఇండక్షన్ విషయంలో ఒకటి గమనించండి. 300 వాట్లకు తగ్గిస్తే లాగే కరెంటు కూడా తగ్గుతుందనుకుంటాం. మా పొయ్యి అలా చేయదు. కాసేపు 1000 వాట్లు లాగి, ఆగి, మళ్లీ 1000 లాగుతుంది. మార్కెట్లో దొరికే మామూలు పొయ్యిల్లో చాలావాటి తీరు ఇదే. సగటు తగ్గుతుంది గానీ లాగిన ప్రతిసారీ వైరు మీద పూర్తి ఆంపియర్లే. కాబట్టి వైరు, ఫ్యూజు లెక్క సగటు మీద కట్టకూడదు.

కొన్నవి: 12.8 వోల్టులు, 200 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 56,000. 2000 వాట్ల ప్యూర్ సైన్ వేవ్ (ఇంటి కరెంటు లాంటి అల ఇచ్చే) ఇన్వర్టర్ 21,500. వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే, డీసీ కూడా కొలిచే క్లాంప్ మీటరు 3,200. మామూలు క్లాంప్ మీటరు ఏసీని మాత్రమే కొలుస్తుంది. ఈ పనికి అది పనికిరాదు.

బ్యాటరీ కొనేటప్పుడు ఏహెచ్ కన్నా ముందు అడగాల్సింది లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూటు) ఎన్ని ఆంపియర్లదని. 200 ఏహెచ్ బ్యాటరీలోనే 100 ఆంపియర్ల బీఎంఎస్ పెట్టి అమ్ముతారు. దాని మీద 1280 వాట్లకు మించి నడవదు. ఇన్వర్టర్ నష్టం కూడా తీసేస్తే 1100 కూడా కష్టమే. మేం తీసుకున్నది 200 ఆంపియర్లది.

ఇప్పటిదాకా ఖర్చు: 80,700.

దశ 2: మొదటి అమరిక, దాని వైఫల్యం

బ్యాటరీ వెనక మంచం కింద. ఇన్వర్టర్ వంట గట్టు పక్కన, స్విచ్చు చేతికి అందేలా. రెండింటి మధ్య వైరు ఒక్కో వైపు 3.6 మీటర్లు. దుకాణంలో రాగి అని చెప్పి ఇచ్చిన 35 స్క్వేర్ ఎంఎం కేబుల్ వేశాం. ప్లస్ వైపు ఫ్యూజు, మెయిన్ స్విచ్చు.

ఖాళీగా ఉన్నప్పుడు అంతా బాగానే ఉంది. బ్యాటరీ దగ్గర 13.2, ఇన్వర్టర్ దగ్గర 13.2. ఇండక్షన్ 1200 మీద పెట్టి నీళ్లు కాచినా నడిచింది. పొయ్యి మీద గిన్నె ఉండగానే అమ్మ మిక్సీ వేసింది. ఇన్వర్టర్ కుయ్యిమని అరిచి 'లో బ్యాటరీ' అంటూ ఆగిపోయింది. అప్పటికి బ్యాటరీ 80 శాతం నిండే ఉంది.

ఇలాంటప్పుడు చాలామంది బ్యాటరీనో ఇన్వర్టర్‌నో అనుమానించి మార్పించుకోవడానికి పరిగెత్తుతారు. అంతకన్నా ముందు చేయాల్సింది, లోడు నడుస్తుండగా ముక్కముక్కగా వోల్టేజీ కొలవడం. మల్టీమీటరును డీసీ మిల్లీవోల్టుల్లో పెట్టి, రెండు ప్రోబులూ ఒకే వైరు రెండు చివర్లకు, లేదా ఒకే జాయింటు రెండు వైపులకు పెట్టాలి. మీటరు చూపించేది ఆ ముక్కలో పోతున్న వోల్టేజీ. లోడు లేకపోతే అన్ని చోట్లా సున్నాయే చూపిస్తుంది.

ఇండక్షన్ ఒక్కటే నడుస్తుండగా క్లాంప్ మీటరులో 116 ఆంపియర్లు. బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర 12.71 వోల్టులు, ఇన్వర్టర్ టెర్మినళ్ల దగ్గర 11.58. మధ్యలో పోయింది 1.13. అది ఎక్కడెక్కడ పోయిందంటే:

1. ప్లస్ కేబుల్: 0.34
2. మైనస్ కేబుల్: 0.34
3. ఇన్వర్టర్ ప్లస్ లగ్గు (వైరు చివర బిగించే లోహపు కొన): 0.19
4. మెయిన్ స్విచ్చు: 0.11
5. ఫ్యూజు, దాని బేసు: 0.07
6. మిగిలిన జాయింట్లు: 0.08

116 ఆంపియర్లతో గుణిస్తే 131 వాట్లు దారిలోనే వేడిగా పోతున్నాయి. మిక్సీ స్టార్టయ్యే క్షణంలో లాగే కరెంటు దీనికి తోడైతే ఇన్వర్టర్ దగ్గర వోల్టేజీ 10.5 కిందికి పడిపోతుంది. అది దాని కట్-ఆఫ్. ఇన్వర్టర్ తన టెర్మినళ్ల దగ్గర ఉన్నదే చూస్తుంది, బ్యాటరీలో ఎంత ఉందో దానికి తెలియదు.

ఇక కేబుల్ సంగతి. 35 స్క్వేర్ ఎంఎం రాగికి మీటరుకు దాదాపు అర మిల్లీ ఓం ఉంటుంది. 3.6 మీటర్లకు 116 ఆంపియర్ల మీద 0.20 వోల్టులు పోవాలి. పోయింది 0.34. అనుమానమొచ్చి ఒక పోగు తీసి బ్లేడుతో గీకాను. పైన రాగి రంగు, లోపల తెల్లటి అల్యూమినియం. రాగి పూత వేసిన అల్యూమినియం వైరుకు రెసిస్టెన్సు రాగి కన్నా సుమారు 1.6 రెట్లు. లెక్క సరిగ్గా సరిపోయింది. కొనేటప్పుడే ఒక పోగు గీకి చూడండి. బరువు కూడా చెబుతుంది, రాగి కేబుల్ చేతిలోకి తీసుకోగానే తెలిసిపోతుంది.

ఇప్పటిదాకా ఖర్చు: కేబుల్ 3,360, ఫ్యూజు బేసుతో 1,500, స్విచ్చు 1,750, లగ్గులు 300. మొత్తం 87,610.

దశ 3: లగ్గు విప్పి చూస్తే

0.19 వోల్టులు పోతున్న ఆ ఒక్క లగ్గు దగ్గర 22 వాట్ల వేడి పుడుతోంది. పావుగంట నడిచాక దాని మీది ష్రింక్ ట్యూబు (వేడికి ముడుచుకుని జాయింటును కప్పే గొట్టం) మెత్తబడి వేలికి అంటుకుంది. ట్యూబు చీల్చి లగ్గును హ్యాక్సా బ్లేడుతో అడ్డంగా కోయించాను. సుత్తితో కొట్టిన చోట బయట నొక్కు బాగానే ఉంది, లోపల మాత్రం పోగుల మధ్య ఖాళీలు కనిపిస్తున్నాయి. ఒక పక్క పోగులు నల్లబడ్డాయి.

వైరింగ్ చేసిన ఆటో ఎలక్ట్రీషియన్ బాబాయ్‌కి ఆ ముక్క చూపించాను.

"సుత్తితో కొట్టిన లగ్గులతో లారీలు కాశ్మీరు దాకా పోయొస్తున్నాయి బాబూ, ఎప్పుడూ ఏం కాలేదే?"

"లారీలో సెల్ఫ్ మోటారు మూడు సెకన్లు తిరుగుతుంది బాబాయ్. ఇక్కడ పొయ్యి అరగంట మండుతుంది."

ఆయన కాసేపు ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత తనే రెండు షాపుల అవతల ఉన్న హైడ్రాలిక్ క్రింపర్ (లగ్గును వైరు మీద ఒత్తి బిగించే పనిముట్టు) అడిగి తెచ్చాడు. ముప్పై ఏళ్ల పనివాడు చేతిలో ఉన్న రుజువు చూసి పద్ధతి మార్చుకోవడం నాకు చాలా గౌరవంగా అనిపించింది. ఆ తర్వాత పని మొత్తం ఆయనే దగ్గరుండి చేయించాడు.

మార్చినవి:

1. ఇన్వర్టర్‌ను వంట గట్టు దగ్గర నుంచి తీసి, బ్యాటరీ పక్కనే మంచం కిందికి తెచ్చాం. వైరు ఒక్కో వైపు 80 సెంటీమీటర్లే. ఆన్-ఆఫ్‌కి రిమోట్ స్విచ్చు వంట గట్టు దగ్గరికి లాగాం.
2. 70 స్క్వేర్ ఎంఎం అసలు రాగి కేబుల్, 2 మీటర్లు. మీటరు 800.
3. తగరం పూత ఉన్న రాగి లగ్గులు, సైజుకు సరిపోయే డై పెట్టి హైడ్రాలిక్ క్రింపింగ్. క్రింప్ చేశాక గట్టిగా లాగి చూడాలి. ఆ తర్వాతే ష్రింక్ ట్యూబు.
4. లగ్గు నేరుగా టెర్మినల్ మీద కూర్చోవాలి. వాషరు, స్ప్రింగ్ వాషరు, నట్టు లగ్గు పైన. లగ్గుకీ టెర్మినల్‌కీ మధ్య స్టీలు వాషరు దూరిస్తే కరెంటంతా ఆ స్టీలు గుండా పోవాల్సి వస్తుంది. మొదటి అమరికలో ఒకచోట అలాగే ఉంది.
5. ఎక్కువ రేటింగున్న మెయిన్ స్విచ్చు.
6. ఫ్యూజు 200 ఆంపియర్ల, పెద్ద షార్ట్ కరెంటును కూడా తెంచే హెచ్ఆర్‌సీ, బ్యాటరీ ప్లస్‌కు వీలైనంత దగ్గరగా. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే వేల ఆంపియర్లు వదులుతుంది. కారు ఆంప్లిఫయర్లకు వాడే చవక ఫ్యూజులు అంత కరెంటును తెంచలేక ఆర్క్ (ఆగని మెరుపు) పట్టుకుంటాయి. హెచ్ఆర్‌సీ అయినా దాని మీద డీసీ రేటింగు రాసి ఉందో లేదో చూసే కొనండి.

వంట గట్టు దాకా ఇప్పుడు వెళ్లేది 230 వోల్టుల లైను. 1200 వాట్లకు 5.2 ఆంపియర్లే. 2.5 స్క్వేర్ ఎంఎం ఫ్లెక్సిబుల్ రాగి వైరు, 4 మీటర్ల దూరం. అందులో పోయేది 230లో 0.3 వోల్టు. లావు వైరు పొట్టిగా, సన్న వైరు పొడుగ్గా ఉండాలి. ఒంటి పోగు వైరు బండికి వద్దు, కుదుపులకు లోపలే విరుగుతుంది.

మళ్లీ అదే పరీక్ష, అదే ఇండక్షన్. కరెంటు 106 ఆంపియర్లు. కేబుళ్లలో 0.04, ఫ్యూజులో 0.06, స్విచ్చులో 0.04, లగ్గులన్నిట్లో కలిపి 0.03. మొత్తం 0.17 వోల్టులు. నష్టం 131 వాట్ల నుంచి 18కి దిగింది. పొయ్యి నడుస్తుండగా మిక్సీ వేసినా ఇన్వర్టర్ కిక్కురుమనలేదు.

పొడుగాటి నకిలీ కేబుల్‌కు అయింది 3,360. పొట్టి అసలు రాగికి 1,600. ఇన్వర్టర్ ఎక్కడ పెట్టాలన్నది ఖర్చుకు సంబంధించిన నిర్ణయం కూడా.

ఇప్పటిదాకా ఖర్చు: కేబుల్ 1,600, లగ్గులు 420, క్రింపింగ్ 300, స్విచ్చు 2,900, ఏసీ వైరు 1,100. మొత్తం 93,930.

దశ 4: మెయిన్ స్విచ్చు వేయగానే బ్యాటరీ చచ్చిపోవడం

వైర్లు లావయ్యాక కొత్త సమస్య. మెయిన్ స్విచ్చు తిప్పగానే టిక్కుమని చిన్న మెరుపు, ఆ వెంటనే బ్యాటరీ దగ్గర సున్నా వోల్టులు. ఇన్వర్టర్ లోపలి కెపాసిటర్లు (కరెంటును నింపుకునే భాగాలు) ఖాళీగా ఉంటాయి కాబట్టి కలిపిన క్షణంలో కరెంటును ఒక్కసారిగా గుంజుతాయి. బీఎంఎస్ దాన్ని షార్ట్ సర్క్యూట్ అనుకుని తెంచేస్తుంది. పాత అమరికలో సన్న వైరు రెసిస్టెన్సే ఆ గుంజుడును ఆపింది.

మందు: మెయిన్ స్విచ్చుకు అడ్డంగా ఒక పుష్ బటన్, దానితో వరుసలో 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు.

1. ఇన్వర్టర్ స్విచ్చు ఆఫ్‌లో ఉంచాలి.
2. పుష్ బటన్ నొక్కి పట్టుకోవాలి. బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోతుంది. కెపాసిటర్లు నిండినట్టు.
3. బటన్ వదలకుండానే మెయిన్ స్విచ్చు తిప్పాలి.
4. బల్బు ఆరకుండా వెలుగుతూనే ఉంటే మెయిన్ స్విచ్చు వేయొద్దు. ప్లస్-మైనస్ తారుమారయ్యాయో, ఎక్కడో షార్ట్ ఉందో చూడాలి.

నాలుగో అంకె కోసమే రెడీమేడ్ రెసిస్టర్ కన్నా బల్బు మేలంటాను. తప్పు ఉంటే అది కంటికి కనిపిస్తుంది.

ఖర్చు 180. మొత్తం 94,110.

దశ 5: ఎర్త్, ఆర్‌సీసీబీ

పైన రాసినవన్నీ పొరపాటైతే డబ్బు పోతుంది. ఇక్కడ పొరపాటైతే ప్రాణం పోతుంది. ఏసీ వైరింగ్ తెలియనివాళ్లు ఈ దశను లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

ఇన్వర్టర్ తర్వాత ఫేజులో వెళ్లే కరెంటుకీ న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటుకీ తేడా వస్తే లైను తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టాం. టెస్ట్ బటన్ నొక్కితే టప్పున పడింది. అక్కడితో ఊరుకుంటే ప్రమాదమే. టెస్ట్ బటన్ ఆర్‌సీసీబీ లోపలే ఫేజు నుంచి న్యూట్రల్‌కు ఒక దొంగదారి చూపిస్తుంది. ఎర్త్ ఉన్నా లేకపోయినా అది పడుతుంది.

అసలు పరీక్షకు 60 వాట్ల పాత పద్ధతి ఫిలమెంటు బల్బు హోల్డరును త్రీ పిన్ ప్లగ్గులో ఫేజుకూ ఎర్త్‌కూ కలిపి, స్విచ్చు ఆఫ్‌లో ఉన్న సాకెట్లో పెట్టి, దూరంగా నిలబడి స్విచ్చు వేశాం. బల్బు వెలగలేదు, ఆర్‌సీసీబీ పడలేదు. అంటే రైస్ కుక్కర్ బాడీకో పొయ్యి బాడీకో ఫేజు తగిలినా ఇది కాపాడదు.

మల్టీమీటరులో ఫేజు-ఎర్త్ 114, న్యూట్రల్-ఎర్త్ 115 వోల్టులు. ఇన్వర్టర్ ఔట్‌పుట్ గాల్లో తేలుతోంది. ఎర్త్‌కు తిరిగి వచ్చే దారి లేనప్పుడు ఆర్‌సీసీబీ చూసే తేడా ఉండదు. ఇంట్లో ఆ దారి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను ఎర్త్ చేయడం వల్ల ఏర్పడుతుంది. బండిలో మనమే ఏర్పరచాలి.

1. మాన్యువల్ చూడాలి. ఔట్‌పుట్ ఐసొలేటెడ్ (బ్యాటరీ వైపుతో సంబంధం లేకుండా విడిగా ఉన్నది) అని, న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలపవచ్చని స్పష్టంగా ఉంటేనే ముందుకు వెళ్లాలి. కొన్ని చవక ఇన్వర్టర్లు అలా కలిపిన మరుక్షణం పేలిపోతాయి.
2. ఇన్వర్టర్ న్యూట్రల్‌ను, ఆర్‌సీసీబీకి ముందు వైపున, ఎర్త్‌కు కలిపాం. ఆ ఎర్త్‌ను బండి ఛాసిస్‌కు, పెయింటు గీకి మెరిసే ఇనుము మీద బోల్టుతో బిగించాం.
3. బయటి కరెంటు తీసుకునేటప్పుడు ఈ కలయిక ఉండకూడదు. అందుకని ఫేజు, న్యూట్రల్ రెండూ మార్చే టూ పోల్ చేంజోవర్ (ఇన్వర్టర్ కరెంటు, బయటి కరెంటు మధ్య మార్చే స్విచ్చు). ఇన్వర్టర్ వైపు మాత్రమే న్యూట్రల్-ఎర్త్ కలిసి ఉంటుంది. ఆర్‌సీసీబీ చేంజోవర్ తర్వాత, రెండు వైపులకూ ఒకటే.

మళ్లీ అదే బల్బు. స్విచ్చు వేసిన క్షణంలోనే ఆర్‌సీసీబీ పడింది.

దాబాల్లో, లాడ్జీల ఆవరణల్లో కరెంటు ఇస్తారు గానీ ఆ సాకెట్లలో ఎర్త్ ఉంటుందన్న భరోసా లేదు. కలిపే ముందు సాకెట్ టెస్టర్ పెట్టి చూడటం మా ఇంట్లో అందరికీ నేర్పాను. ఎర్త్ లేదంటే ప్లగ్గు పెట్టం, అంతే.

ఆర్‌సీసీబీ 1,950, ఎంసీబీలు 440, చేంజోవర్ 950, డబ్బా, సాకెట్లు 1,260. మొత్తం 98,710.

దశ 6: వేడి

1200 వాట్ల లోడు మీద ఇన్వర్టర్ లోపల 160 వాట్ల పైన వేడిగా మారుతుంది. మంచం కింద ప్లైవుడ్ పెట్టెలో అది పోవడానికి దారి లేదు. మే మధ్యాహ్నం బయట 41 డిగ్రీలున్నప్పుడు పెట్టె మూత వేసి నడిపి చూశాం. పావుగంటకు లోపల 61, ఇన్వర్టర్ తనంతట తనే ఆగింది. పక్కనే ఉన్న బ్యాటరీకి ఇంకా నష్టం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీల్లో చాలావాటికి 45 డిగ్రీలు దాటితే చార్జింగ్ వద్దంటారు తయారీదారులు.

బ్యాటరీకీ ఇన్వర్టర్‌కీ మధ్య సిమెంట్ ఫైబర్ బోర్డు అడ్డం పెట్టాం. 120 ఎంఎం ఫ్యాన్లు రెండు బిగించాం: ఒకటి బండి లోపలి గాలిని కింది నుంచి లాగుతుంది, రెండోది పై అంచు నుంచి బయటికి తోస్తుంది. రోడ్డు వైపు నుంచి గాలి లాగితే దుమ్ము ఇన్వర్టర్‌లోకి పోతుంది కాబట్టి ఆ వైపు వద్దనుకున్నాం. 40 డిగ్రీల థర్మోస్టాట్ పెట్టాం. మళ్లీ నడిపితే పావుగంటకు ఇన్వర్టర్ అరలో 46. నలభై నిమిషాలకు 49 దగ్గర నిలబడింది.

ఖర్చు 1,550. మొత్తం 1,00,260.

దశ 7: ఖాళీగా తాగే కరెంటు, చార్జింగ్

ఏ లోడూ లేకుండా ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే క్లాంప్ మీటరులో 1.5 ఆంపియర్లు. రోజంతా వదిలేస్తే 36 ఏహెచ్, అంటే బ్యాటరీలో 18 శాతం ఊరికే పోతుంది. రెండు పూటల వంటకు పట్టే కరెంటులో మూడో వంతు కన్నా ఎక్కువ. ఫ్రిజ్, ఫ్యాన్లు 12 వోల్టుల మీద పెట్టింది ఇందుకే. వంట అవగానే రిమోట్ స్విచ్చు ఆఫ్. అది మర్చిపోకుండా స్విచ్చు పక్కన ఎర్ర ఎల్ఈడీ పెట్టాం.

చార్జింగ్‌కు 30 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జరు. లిథియం బ్యాటరీని నేరుగా ఆల్టర్నేటర్‌కు (ఇంజను తిప్పే జనరేటరుకు) కలిపితే అది ఎంత ఇస్తే అంతా లాగుతుంది, ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోవచ్చు. చార్జరు 30 దగ్గర కట్టేస్తుంది. 10 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, రెండు బ్యాటరీల దగ్గరా ఫ్యూజు, ఇంజను తిరుగుతున్నప్పుడే పనిచేసేలా ఇగ్నిషన్ వైరు. నాలుగు గంటలు నడిపితే 120 ఏహెచ్ ఎక్కుతుంది. అది 1500 వాట్-అవర్ల పైమాటే. మొదటి దశలో వేసిన 2235 లెక్కకు రోజుకు దాదాపు 700 తక్కువ పడుతుంది, నిండు బ్యాటరీతో బయలుదేరితే మూడు రోజుల దాకా సరిపోతుంది.

చార్జరు 14,500, వైరు 1,680, ఫ్యూజులు 600. మొత్తం 1,17,040.

దశ 8: అనంతగిరి ఘాట్ తర్వాత

విశాఖ మీదుగా అరకు వెళ్లొచ్చాక అన్ని జాయింట్లూ మళ్లీ కొలిచాను. లగ్గులన్నీ పాత అంకెలే. ఫ్యూజు బేసు దగ్గర మాత్రం 0.06 ఉండాల్సింది 0.10 చూపించింది. చేత్తో కదిపితే బోల్టు గట్టిగానే ఉంది. టార్క్ రెంచి పెడితే పావు చుట్టు తిరిగింది. బేసు ప్లైవుడ్ మీద స్క్రూలతో ఉంది, కుదుపులకు ప్లైవుడ్ నలిగి బేసు ఊగుతోంది. దాన్ని తీసి ఇనుప పట్టీ మీద నైలాక్ నట్లతో (కుదుపులకు వదులు కాని నట్లు) బిగించాం. ప్రతి బోల్టు మీదా టెర్మినల్ మీదా కలిసేలా పెయింటు పెన్నుతో ఒక గీత గీశాం. గీత విరిగితే నట్టు తిరిగినట్టే. ఇప్పుడు ఫ్యూజు దగ్గర 0.06.